తల్లికన్ను

కార్తీక బహుళ పంచమి, సోమవారం

ఈ రోజు పొద్దున లేచి చూసేసరికి మా ఇంటికి తలుపు ఉంది.

నేను పడుకునేటప్పుడు అక్కడ గోనెపట్టా వేలాడుతోంది. రెండేళ్ళుగా అదే మా తలుపు. నేను నిద్రలో ఉండగానే అయ్యా అమ్మా కలిసి బిగించేశారట. మామిడి చెక్క, ఇంకా రంగు వెయ్యలేదు. గడియ మాత్రం ఇత్తడిది. నేను దాన్ని వేసి తీసి, వేసి తీసి చూస్తుంటే అమ్మ కసిరింది.

"అరిగిపోద్దే గుంటా! ఎల్లి నీళ్ళు పట్టు ముందు, నూకాలూ."

సులోచన టీచరు మా తరగతిలో అందరినీ దినచర్య రాయమన్నారు. సైరన్ల వల్ల బడి ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలియడం లేదు కాబట్టి ఇంట్లోనే రాసి, బడి ఉన్న రోజున చూపించాలి. "పెద్ద మాటలు వద్దు, సరైన మాటలు చాలు," అన్నారు. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, నీళ్ళు పడుతున్నంతసేపూ అదే అనుకున్నాను.

మా ఊరు మంచెల మీద ఉంటుంది. సముద్రం పాత ఊళ్ళోకి వచ్చేసి బావులన్నీ ఉప్పెక్కాక, మా తాతల కాలంలో స్తంభాలు పాతి పైకెక్కారు. ప్రతి ఇంటి చివరా ఒక మంచువల ఉంటుంది. తెల్లవారుజామున నీటి మీంచి వచ్చే మంచు ఆ సన్నటి వలకి బొట్లు బొట్లుగా పట్టుకుంటుంది. ఎండ పొడ తగలకముందే వెదురుబద్దతో తడితే ఆ నీళ్ళు కింద తొట్టిలోకి కారతాయి. ఇంటిల్లిపాదికీ అవే తాగునీళ్ళు.

ఇంతకుముందు మాకు సముద్రం ఉండేది. యుద్ధం మొదలైన కొత్తలోనే దాన్ని మూసేశారు. "మూసేశారు" అనే మాట సముద్రానికి కూడా వాడొచ్చని నాకు అప్పుడే తెలిసింది. నీటి మీద తేలే బాంబులు వదిలారు, ఎవరి పడవలూ వెళ్ళకూడదన్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ముందు ఇత్తడి సామాను పోయింది, అమ్మ చెవుల కమ్మలు పోయాయి, చివరికి తలుపు పోయింది. దాన్ని ఎవరో వంటచెరుకుగా కొనుక్కున్నారు. పడవ మాత్రం పోలేదు. అయ్య దాన్ని బోర్లించి ఇంటి మీదికి ఎక్కించి కప్పుగా వేశాడు. ఎవరైనా బేరానికి వస్తే, "ఇంటి కప్పు ఎవుడైనా అమ్ముకుంతాడేటి?" అనేవాడు.

అన్నయ్య మసేనుని సైన్యంలోకి తీసుకున్నది కూడా అప్పుడే.

ఆ తర్వాత జోరీగలు వచ్చాయి. అరచేయంత ఉండే ఎగిరే యంత్రాలు. ఏటి ఒడ్డు పొడుగునా తవ్విన కందకాల్లో ఉన్న మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చి, వాళ్ళ మీద వాలి పేలతాయి. వాటికి అడ్డంగా కందకాల మీద వలలు కట్టారు. యంత్రాలతో అల్లిన వలల్ని అవి తొందరగానే నేర్చేసుకున్నాయి. అన్ని ముళ్ళూ ఒకేలా ఉంటాయి కాబట్టి, ఒక ముడి విప్పడం తెలిస్తే వల మొత్తం తెలిసినట్టే. ఒక జోరీగ నేర్చుకుంటే అన్నీ నేర్చుకుంటాయట. చేత్తో కట్టిన ముడి మాత్రం వాటికి అంతుపట్టలేదు. ఒకరి చేతి బిగువు ఇంకొకరికి ఉండదు కదా! అప్పుడు సరఫరా అధికారి చిదంబరం గారు మా మంచెలకి వచ్చి, "ఇక్కడ వలలు కట్టేవాళ్ళు ఎవరు?" అని అడిగారు. మా ఊళ్ళో అది అడగడం, ఇక్కడ ఊపిరి పీల్చేవాళ్ళెవరు అని అడిగినట్టే.

సాయంత్రం పక్క మంచె సత్తెమ్మత్త తలుపు చూడటానికి వచ్చింది. చేత్తో నిమిరి చూసి, "ఒదినా, యుద్దం మీకు బాగా కలిసొచ్చింది కదేటి!" అంది.

అమ్మ నవ్వింది కానీ, అది నవ్వు కాదు. దానికి సరైన మాట ఇంకా దొరకలేదు.

కార్తీక బహుళ ద్వాదశి, సోమవారం

మా ఇల్లు ముగింపు ఇల్లు. అంటే, వలలు ఊరంతా కడుతుంది కానీ, చివరికి అన్నీ మా అరుగు మీదికే వస్తాయి. అంచుకి తాడు ఎక్కించి, మూలలు కట్టి, వలని పూర్తి చేయడం ఒక్క చేతి మీదుగానే జరగాలని మా ఆచారం. అలా జరిగితేనే వల నీళ్ళలో సమంగా దిగుతుందట. ఇప్పుడు నీళ్ళు లేవు, అయినా ఆచారం ఉంది. ఆ చెయ్యి మా నానమ్మ పోలమ్మది. ముగింపు ఇంటికి కూలి ఎక్కువ. మా తలుపు అలా వచ్చింది.

నానమ్మకి చూపు సరిగ్గా ఆనదు. ఆమె వేళ్ళు మాత్రం వల మీద చీమల బారులా పోతుంటాయి. మూల కట్టాక, ఈ వల మా ఇంటిదని గుర్తుగా ఒక ఎర్ర నూలుపోగు వేస్తుంది. అది వేస్తున్నప్పుడు ఎవరితోనూ మాట్లాడదు.

ఈ రోజు నేను పక్కన కూర్చుని వలకి సంబంధించిన మాటలన్నీ చెప్పమన్నాను. "ఈ గుంటకి పిచ్చెక్కింది," అంటూనే చెప్పింది. అన్నిటిలోకీ నాకు నచ్చింది తల్లికన్ను. వలలో ఒక్కో గడినీ కన్ను అంటారని అందరికీ తెలిసిందే. పూర్వం ప్రతి వలకీ ఒక మూలన, మిగతా వాటికన్నా పెద్దగా, పిడికిలి పట్టేంత కన్ను ఒకటి వదిలేవారట. వల మడతలో ఉన్నప్పుడు అది కనిపించదు, బిగించి కడితేనే తెరుచుకుంటుంది.

"ఎందుకు నానమ్మా?"

"కడుపుతో ఉన్న సేప తప్పించుకోడానికే. అన్నీ మనమే తినీస్తే రేపు సముద్రం ఏటి పెడతాది? దారి తెలిసిన తల్లి ఎల్లిపోద్ది. మిగతాయి మనయి."

బళ్ళో ఇది చదివితే సులోచన టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నన్ను ఇంకోసారి చదవమన్నారు. ఇంటికి వస్తూ దారంతా ఆ మాటని బెల్లంముక్కలా చప్పరించాను.

మార్గశిర శుద్ధ చవితి, సోమవారం

అన్నయ్యతో మాట్లాడాం! సరఫరా ఆఫీసులో నెలకొకసారి రేడియో ఇస్తారు. గదినిండా జనం ఉంటారు, ఎవరు ఏం మాట్లాడినా అందరికీ వినబడుతుంది.

అమ్మ ముందుగా తలుపు సంగతి చెప్పింది.

"తలుపా! నిజమేనేటి?" అన్నాడు అన్నయ్య. "గడియ ఉందా?"

"ఇత్తడిదిరా."

అవతలి నుంచి నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత విన్న నవ్వు. "నానొచ్చినప్పుడు గడియేసుకుని పడుకోండి. నాను బయట్నుంచి బాదుతాను, నూకాలు లేచి తియ్యాల," అన్నాడు.

వలలు ఎలా ఉన్నాయని అయ్య అడిగాడు. అన్నయ్య ముందు నానమ్మ ఎలా ఉందని అడిగాడు. తర్వాత, "ఎర్రపోగు ఆనవాలు పట్టినాను అయ్యా. మా కందకానికీ మన వలే," అన్నాడు. "ఒక వెదురు సూది పంపండి. నూలు కూడా, కొంచెం ఎక్కువే పంపండి."

"సైన్యంలో వల కడతావేటిరా?" అని అమ్మ నవ్వింది.

"సెయ్యి ఊరుకోదమ్మా," అన్నాడు.

పాపం, వాడికి ఇల్లు గుర్తొస్తోందని అందరం అనుకున్నాం. అయ్య తన సొంత సూదినే పంపాడు. అది తాత చెక్కింది, పట్టుకుని పట్టుకుని మధ్యలో అరిగి నున్నబడింది. సత్తెమ్మత్త కొడుకు ఎర్రయ్య కూడా అదే వరసలో ఇంకో కందకంలో ఉన్నాడు. వాడికి ఆమె ఎండుచేపల పొడి కట్టి, మా పొట్లంలోనే పెట్టింది.

మార్గశిర పౌర్ణమి, శుక్రవారం

మంచెల మధ్య ఉన్న లౌడ్‌స్పీకర్లో పొద్దున చెప్పారు: సంధి మాటలు మొదలవుతాయట. జనం కేకలు వేశారు. పిల్లలు పళ్ళేలు వాయించారు.

అమ్మ వల కడుతూ చెయ్యి ఆపింది. "మరైతే ఈ నెల వలలు తీసుకోరేటి?" అంది.

అనేసి, వెంటనే అరచేత్తో నోరు మూసుకుంది. మేము ఎవరమూ ఆమెవైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ బాధపెట్టి ఉంటుంది. మధ్యాహ్నం కంచంలో సన్నన్నం అలాగే వదిలేసి, మంచె చివరికి వెళ్ళి కూర్చుంది. మేము మళ్ళీ సన్నన్నం తింటున్నది ఈ యుద్ధం వల్లనే. అన్నయ్య ఇంట్లో లేనిదీ ఈ యుద్ధం వల్లనే. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా రాయాలో నాకు తెలియలేదు. అందుకే రెండుగా రాశాను.

సాయంత్రానికి చిదంబరం గారు వచ్చారు. సంధి మాటలు ఇప్పట్లో తేలవని ఆయన ముఖమే చెప్పింది. అరుగు మీద వల పరిపించి, మధ్యలో కన్నులు కొలిచి చూశారు. అన్నీ సరిగ్గా మూడు వేళ్ళు ఉన్నాయి. ముళ్ళు లాగి చూశారు. ఊడలేదు.

"మీ వలల్లో లోపమేమీ లేదమ్మా," అన్నారు. "కానీ కొన్ని కందకాల్లో వల తెగకుండా, ముడి ఊడకుండానే జోరీగలు లోపలికి వచ్చేశాయి. కొత్తరకం అయ్యుంటాయని మా అనుమానం. ఇక నుంచి రెండు పొరలు వేద్దాం. అంటే మీకు పని రెట్టింపు."

రెట్టింపు అనగానే అయ్య కప్పు వైపు, అంటే పడవ వైపు చూశాడు. దానికి తారు పూయాలని అతనికి ఎప్పటినుంచో ఉంది. నానమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఎర్రపోగు వేస్తోంది.

మార్గశిర బహుళ విదియ, ఆదివారం

మసేను అన్నయ్య లేడు.

ఈ వాక్యం రాసి చాలాసేపు చూశాను. ఇంతకన్నా చిన్న వాక్యం నేనెప్పుడూ రాయలేదు.

పొద్దున ఎవరో తలుపు తట్టారు. మా తలుపు తట్టిన మొదటి మనిషి అతనే. అంతకుముందు అందరూ పిలిచేవాళ్ళు. పేరు బాలకోటయ్య, అన్నయ్యతో పాటు ఉన్న సైనికుడు, పైనున్న మెట్ట ఊళ్ళవాడు. తాత చెక్కిన సూదిని గుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని చూడగానే అయ్యకి అర్థమైపోయింది. అప్పటికి ఆ వచ్చినతను ఇంకా ఏమీ చెప్పలేదు.

"నన్ను బతికించాడమ్మా," అన్నాడు బాలకోటయ్య. "ఎలా బతికించాడో మాత్రం మాకెవరికీ తెలవట్లేదు. మీకేమన్నా తెలుసుద్దేమో అడుగుదామని వచ్చాను."

అతను చెప్పింది ఇది. తమ చుట్టుపక్కల ఏ కందకానికి కొత్త వల వచ్చినా, అన్నయ్య దాని మీదికి ఎక్కేవాడట. వల మీద కప్పిన గడ్డి తప్పించి, మూలన ఏదో కట్టి దిగేవాడు. పైకెక్కితే జోరీగల కంటపడతావని అందరూ తిట్టేవాళ్ళు. పౌర్ణమినాడు వీళ్ళ పక్క కందకానికి వల వచ్చింది. బాలకోటయ్య ఆ రోజు అందులోనే ఉన్నాడు. మంచు కమ్మేదాకా ఆగకుండా, జోరీగల మోత దూరంగా వినబడుతుండగానే అన్నయ్య ఎక్కాడు.

"కట్టటం అయిపోయిందమ్మా. అవి గుంపుగా వచ్చినయ్. తిన్నగా ఆ మూలకే వచ్చినయ్, ఎవరో దారి చెప్పినట్టు. వల మీద వాలి వెతికినయ్, వెతికినయ్. లోపలికి రాలేకపోయినయ్. మసేను అప్పటికింకా దిగుతున్నాడు."

 అయ్య అడిగాడు. "ఏటి కడతన్నాడో పైవోళ్ళకి సెప్పమన్లేదా బాబూ?"

"ఎన్నిసార్లో చెప్పానండీ. ఏదన్నా ఉంటే పెద్దసారుతో చెప్పరాదా అంటే, నవ్వేవాడు. 'మా నానమ్మ ఒక ముడి మర్చిపోద్ది,' అనేవాడు. 'సెప్తే మా ఇంటికి తలుపుండదురా,' అనేవాడు. తలుపుకీ వలకీ ఏంటండీ సంబంధం?"



నానమ్మ అరుగు మీద కట్టి ఉన్న కొత్త వలని దగ్గరికి లాక్కుంది. తడుముతూ మూలదాకా వెళ్ళింది. ఎర్రపోగు దొరికింది. దాని పక్కన వలని రెండు చేతులతో బిగించి లాగింది. అక్కడ కన్ను తెరుచుకుంది. ఆమె అందులోంచి వేలు పోనిచ్చింది, తర్వాత పిడికిలి పోనిచ్చింది. పిడికిలి అవతలికి వచ్చేసింది. ఆమె దాన్ని అలాగే ఉంచి, అది ఎవరి చెయ్యో అన్నట్టు కూర్చుంది.

"నాను వదల్లేదు," అంది. "సెయ్యి వదిలీసింది. నాకు తెల్దు నూకాలూ. సెయ్యికి సేపనే తెలుసు."

తల్లికన్ను పూర్వం వదిలేవారని నేను రాశాను. నానమ్మ కూడా అలాగే అనుకుంది. అరవై ఏళ్ళ పని వేళ్ళలో ఉండిపోతే, మానేశామని మనసు అనుకున్నా వేళ్ళు మానవు. ఒక జోరీగ దాన్ని కనిపెట్టింది. దారి తెలిసిన తల్లి కోసం ఉంచిన దారి వాటన్నిటికీ తెలిసిపోయింది.

మార్గశిర బహుళ తదియ, సోమవారం

పొయ్యి వెలిగించలేదు. మంచువల నేనే తట్టాను. నీళ్ళు ఎప్పటిలాగే కారాయి.

పూర్తయిన వలలు రేవులో కట్టగా ఉన్నాయి. రేపు పొద్దున సరఫరా పడవ వాటిని తీసుకెళ్తుంది. ముందే వెళ్ళినవి ఏటి పొడుగునా ఎన్ని కందకాల మీద ఉన్నాయో మాకు తెలియదు. ఇన్నాళ్ళూ అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడు వాటిని మూసేవాళ్ళు లేరు.

"రేవులోవి ఎవులికీ తెలీకుండా మనమే కట్టీసొద్దుము," అన్నాడు అయ్య.  "సెప్తే ద్రోహులంతారు. ముసల్దాని సెయ్యి అలవాటంటే ఎవుడు నమ్ముతాడు? ఊరు మొత్తానికి పనిపోద్ది. ఆడు ఇందుకే కదేటి సెప్పనిది?"

"ఎల్లిపోయినవో?" అంది అమ్మ.



అప్పుడే సత్తెమ్మత్త గంజి పట్టుకుని వచ్చింది. చావు ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటివాళ్ళే తేవాలి. అమ్మ పక్కన కూర్చుని తనే తాగించబోయింది. "ఒక్క గుక్క ఒదినా. నా మాటిను," అంది. ఇంకేం మాట్లాడాలో తోచక కాబోలు, "మా ఎర్రయ్య కూడా మీ వల కిందే ఉన్నాడట. ఆ మాటిన్న కాడ్నుంచి నాకు రాత్రుళ్ళు నిద్ర పడతంది," అంది.

అమ్మ గిన్నెని చేత్తో పక్కకి జరిపింది. అయ్య ఆమెవైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అమ్మ చూసింది. చూసే చెప్పింది.

"ఒదినా, ఆ వలకి తల్లికన్నుంది."

సత్తెమ్మత్తకి వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో ఎవరికైనా ఆ ఒక్క మాట చాలు. గంజి ఒలికిపోయింది. ఆమె లేచి వెళ్ళి నానమ్మ భుజాల మీద రెండు చేతులతో కొట్టింది. నానమ్మ అడ్డుకోలేదు. కొట్టి కొట్టి, ఆ భుజం మీదే తల పెట్టుకుని ఏడ్చింది. నానమ్మ చెయ్యి ఆమె వీపు మీదికి వెళ్ళింది. అది కూడా అలవాటే అయ్యుంటుంది.

ఏడుపు ఆగాక సత్తెమ్మత్త ముక్కు చీది, "ఎప్పుడెల్దుము?" అంది.

"ఎక్కడికి?" అన్నాడు అయ్య.

"ఎక్కడికేటి బావా! నా కొడుకు కాడికి. నాకూ సూది పట్టడం వచ్చు."

"ఎర్రపోగు ఏ మూలనుందో సీకట్లో కూడా నాకు దొరుకుద్ది," అంది నానమ్మ. "నన్ను మొయ్యగల్రా?"

సరఫరా పడవలో సామాను తప్ప మనుషుల్ని ఎక్కించుకోరు. అయ్య చాలాసేపు పైకి చూస్తూ కూర్చున్నాడు. లోపలి నుంచి చూస్తే మా కప్పు పడవలాగే కనిపిస్తుంది. చెక్కల మధ్య అక్కడక్కడా వెలుతురు వస్తోంది.

"తారు రాయాల," అన్నాడు.

ఇక మిగిలింది చిదంబరం గారికి చెప్పడం. ఏటి మీదికి పడవ పోనివ్వాలంటే ఆయన ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే నిజం చెప్పాలి. "ఆ ఆఫీసు బాస నాకు రాదు. నువ్వే సెప్పాల నూకాలూ," అంది అమ్మ. ఏం చెప్పాలో సాయంత్రమంతా రాసి కొట్టేశాను. మొదట అన్నీ పెద్ద మాటలే వచ్చాయి. చివరికి మిగిలినవి ఇవి:

"మా నానమ్మ ప్రతి వలకీ ఎర్రపోగు పక్కన ఒక కన్ను వదిలింది. కావాలని కాదు. మా అన్న వాటిని మూస్తూ చనిపోయాడు. మిగిలినవి మూయడానికి మమ్మల్ని పంపండి. ఆ తర్వాత మీరు ఏం చేసినా సరే."

రేపు తెల్లవారగానే ముందు నీళ్ళు పట్టాలి, దారికి కావాలి. తర్వాత నేనూ అమ్మా సరఫరా పడవ కదలకముందే రేవుకి వెళ్ళి ఆయనకి చెప్పాలి. మేము వచ్చేలోగా అయ్యా సత్తెమ్మత్తా వాళ్ళూ కప్పుని దించి, పడవగా తిరగేసి, తారు పూసి, నీళ్ళలోకి దింపుతారు. నానమ్మ ఇప్పటికే సూదులకి నూలు ఎక్కించి పెట్టింది. అన్నయ్య సూది మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

కప్పు లేని ఇంటికి తలుపు వెయ్యాలా అని అమ్మని అడిగాను.

"గడియ కూడా వెయ్యి," అంది. "ఆడు అడిగినాడు కదా."

రేపు పొద్దున గడియ వేసి బయలుదేరతాం.